నా గాలి లెక్క నేనే చూసుకుంటా

వంటింట్లో గ్యాసు బండ ఎప్పుడు అయిపోతుందో చెప్పడానికి మనకి మీటరేదీ అక్కర్లేదు. బండ మార్చిన తారీకు క్యాలెండరు మీద గీసుకుంటాం. మంట రంగు మారితే కనిపెడతాం. అనుమానమొస్తే కాస్త ఎత్తి ఊపి చూస్తాం. తీరా చుట్టాలొచ్చిన రోజే పప్పు సగం ఉడికాక అయిపోతే, పక్కింటివాళ్లని అడిగి ఆ పూట గట్టెక్కుతాం. బండ విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే నేను, ఇంకో బండ వీపుకి కట్టించుకుని సముద్రంలో దిగిన రోజున మాత్రం అందులో ఎంత గాలుందో చూసుకోలేదు. ముందు ఈదుతున్న గైడు కుర్రాడు చూస్తాడులే అనుకున్నాను. పక్కన మావారున్నారులే అనుకున్నాను. యాభై అడుగుల లోతున పక్కిల్లు ఉండదని ఆ రోజే తెలిసింది.

మా శ్రీకాకుళం వైపు వాళ్లకి అండమాన్ అంటే పరాయి దేశమేం కాదు. మా ఊళ్లో చాలా ఇళ్లకి అక్కడ ఒక చుట్టమైనా ఉంటాడు. చేపల వేటకని, కూలి పనికని రెండు తరాల కిందట వెళ్లి స్థిరపడ్డవాళ్లు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురమని మార్చారు గానీ మా పిన్ని మాత్రం పాత పేరే పలుకుతుంది. పిన్నిని చూడ్డానికి వెళ్లిన మేము, ఆ పక్క దీవికి వెళ్లి నాలుగు రోజుల స్కూబా కోర్సు చేశాం. హేవలాక్ అనేవారు, 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. నాకప్పటికి నలభై ఒకటి. ఈత వచ్చు, భయం తక్కువ, పిల్లలు హాస్టల్లో ఉన్నారు. అంతకన్నా పెద్ద కారణమేం లేదు.

కోర్సులో గేజి చూడ్డం నేర్పారు. పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. పాసయిన మర్నాడు సరదాగా దిగినప్పుడే నేర్చిందంతా నీళ్లలో కలిసింది. రంగురంగుల చేపలు చూస్తూ మైమరిచిపోయాను. గైడు వెనక్కి తిరిగి, గాలెంతుందని చేత్తో సైగ చేశాడు. నేను బొటనవేలూ చూపుడువేలూ కలిపి 'బాగానే ఉన్నాను' అన్నాను. ఎవరైనా 'అన్నం తిన్నావా' అని అడిగితే తినకపోయినా 'ఆఁ' అనేస్తామే, అలా. అతనికి అనుమానమొచ్చి దగ్గరికొచ్చి నా గేజి పట్టుకుని నా కళ్ల ముందు పెట్టాడు. ముల్లు ఎర్ర గీతలో ఉంది. 30. అప్పుడు 16 మీటర్ల లోతులో ఉన్నాం. తన దగ్గరున్న రెండో గొట్టం నా నోటికిచ్చి, నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకి తీసుకొచ్చాడు. నాకేం కాలేదు. కానీ పడవెక్కాక మావారన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. "నా చేతికి కంప్యూటరుంది కదా, నన్ను చూస్తూ ఉండమన్నానుగా" అన్నారు. పాపం, ప్రేమగానే అన్నారు. ఆ కంప్యూటరుకి నా బండలో గాలి సంగతి తెలీదని ఆయనకీ తట్టలేదు, అప్పటికి నాకూ తట్టలేదు.

ఆ ప్రయాణం నుంచి వచ్చాక ఆర్నెల్లు చదివి, అడిగి, రెండే వస్తువులు కొనుక్కున్నాను. చేతికి ఒక డైవ్ కంప్యూటరు. గొట్టానికి ఒక ముల్లు గేజి. ఈ మధ్య ఋషికొండలోనూ స్కూబా నేర్పుతున్నారు కాబట్టి విశాఖ, విజయనగరం ఆడపిల్లలు కొందరు నన్ను అడుగుతున్నారు, "ఆంటీ, ముందు ఏం కొనాలి?" అని. కళ్లద్దాలా, కాళ్లకి రెక్కలా, రంగు సూటా? నా మాట ఒక్కటే. సూటు అద్దెకి తీసుకోండి, బండ అద్దెకి తీసుకోండి. లెక్క చెప్పే వస్తువు మాత్రం మీ సొంతం చేసుకోండి.

ఎందుకో చెప్పాలంటే ముందు ఆ లెక్కేమిటో చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి, మన వంటింటి లెక్కలకంటే కష్టమేం కాదు.

నీటి కింద మూడు సంగతులు తెలియాలి. ఎంత లోతున ఉన్నాం, ఎంతసేపట్నుంచి ఉన్నాం, ఎంత గాలి మిగిలింది. లోతు కొలవడం మా వాళ్లకి కొత్త కాదు. తాడుకి సీసం గుండు కట్టి వదిలి, తాడుని రెండు చేతులా చాపి కొలిచేవారు. ఆ చాపు ఒక బార. సుమారు ఆరడుగులు. తమాషా ఏమిటంటే మొదటి కోర్సు పూర్తిచేసిన వాళ్లకి దాటకూడదని చెప్పే హద్దు 18 మీటర్లు. లెక్క కట్టి చూడండి, సరిగ్గా పది బారలు! ఆ పది బారల లోపలే బోలెడంత లోకముంది, తొందరపడక్కర్లేదు.

ప్రతి 10 మీటర్ల లోతుకీ మన మీద ఒత్తిడి ఇంకో ఒంతు పెరుగుతుంది. ఒడ్డున ఒకటైతే 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు. మనం పీల్చే గాలి కూడా అంత ఒత్తిడితోనూ రావాలి కాబట్టి, అదే ఊపిరికి రెండింతలు, మూడింతల గాలి ఖర్చవుతుంది. మన దేశంలో ఎక్కువగా వాడే అల్యూమినియం బండ 11 లీటర్లది. 200 బార్ల ఒత్తిడితో నింపుతారు. కారు టైర్లో ఉండేది 2 బార్ల చిల్లరంటే ఊహించుకోండి. అంటే 2,200 లీటర్ల గాలి. అందులో 50 బార్లు అత్యవసరానికని ముట్టుకోకూడదు. మిగిలిన 1,650 లీటర్లు, నిమిషానికి 15 లీటర్లు పీల్చేవాళ్లకి ఒడ్డున కూర్చుంటే 110 నిమిషాలొస్తుంది. 18 మీటర్ల దగ్గర నలభై నిమిషాలు కూడా రాదు. కంగారు పడి ఎగశ్వాస తీస్తే ఇంకా తొందరగా అయిపోతుంది. ఊపుతూ చూడ్డానికి ఇదేమన్నా గ్యాసు బండా? అందుకే గేజి.

ఇక రెండో సంగతి గాలిలోని నైట్రోజన్. ఒత్తిడిలో పీల్చినప్పుడు అది రక్తంలో, కండలో, కొవ్వులో కరిగి నిలవుంటుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో బయటికి పోతుంది. గబుక్కున పైకొస్తే? గోలీ సోడా కొట్టినప్పుడు ఏమవుతుందో అదే అవుతుంది, మన ఒంట్లో. కీళ్ల నొప్పుల దగ్గర్నుంచి పక్షవాతం దాకా రావచ్చు. 'బెండ్స్' అంటారు. ఎంత లోతున ఎంతసేపు ఉంటే క్షేమమో మొదట లెక్కకట్టి పట్టికలు వేసినాయన జాన్ స్కాట్ హాల్డేన్, బ్రిటిష్ శాస్త్రవేత్త, 1908లో. ఆయన ప్రయోగాలు చేసింది మేకల మీద. ఉక్కు గదిలో మేకల్ని పెట్టి ఒత్తిడి పెంచి తగ్గించి, ఏది కాలెత్తి కుంటుతుందో చూసేవారట. ఇవాళ నేను కులాసాగా పైకొస్తున్నానంటే ఆ మేకల పుణ్యమే.

ఆ పట్టికలే ముదిరి ముదిరి చేతి కంప్యూటరయ్యాయి. జూరిక్‌లో బ్యూల్‌మన్ అనే డాక్టరు వేసిన లెక్కలు ఇప్పటికీ చాలా కంప్యూటర్ల లోపల నడుస్తున్నాయి. జనంలో చెలామణీ అయిన మొదటి యంత్రం 'ఎడ్జ్' అని 1983లో అమెరికాలో వచ్చింది. మోటుగా, బరువుగా ఉండేది. ఇప్పుడది గడియారమంత అయింది. లోపల ఉండేది ఒత్తిడి కొలిచే చిన్న ముక్క, ఒక గడియారం, ఒక లెక్క, అంతే. ప్రతి కొన్ని సెకన్లకీ మీ లోతు చూసి, ఇంకా ఎన్ని నిమిషాలు ఈ లోతున ఉండొచ్చో చెబుతుంది. ప్యాడీ సంస్థ పట్టిక ప్రకారం 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 దగ్గర 20 నిమిషాలే. (ప్యాడీ అనగానే మా అత్తగారు "పాడి నేర్పడానికి అంత దూరం ఎందుకే, మన గేదెలు లేవా" అన్నారు.) నిమిషానికి 9 మీటర్ల కంటే జోరుగా పైకొస్తుంటే కంప్యూటరు కీచుమంటుంది. చివర్లో 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమని చెప్పి, ఆ నిమిషాలు తనే లెక్కపెడుతుంది.

ఇప్పుడు మావారి మాట దగ్గరికొద్దాం. 'నాకుంది కదా, నీకెందుకు' అన్న మాట. ఇది ఆయనొక్కరి మాట కాదు. పడవ మీద జంటలొచ్చినప్పుడల్లా చూస్తున్నాను, కంప్యూటరు మగవాళ్ల చేతికే ఉంటుంది. ఆమె చేతికి గాజులుంటాయి, లేదంటే ఏమీ ఉండదు. 'వీళ్లిద్దరూ ఒక్కటే కదా' అనుకుంటారేమో! సముద్రానికి ఆ సంగతి తెలీదు. ఆయన 12 మీటర్ల దగ్గర తేలుతూంటే నేను ఇసుకలో పాకే చేప కోసం 15కి దిగుతాను. ఆయన నైట్రోజన్ వేరు, నా నైట్రోజన్ వేరు. రెండోసారి దిగేటప్పుడు ఆయన కంప్యూటరు ఆయన పొద్దుటి లెక్కే గుర్తుపెట్టుకుంటుంది, నాది కాదు. ఒకే కంప్యూటరుని పొద్దున్న ఒకరు, మధ్యాహ్నం ఒకరు పెట్టుకున్నా అంతే. ఒకరి మందుల చీటీతో ఇంకొకరు మందులేసుకున్నట్టు. అందుకే నాది ఎవరికీ ఎరువివ్వను, కళ్లద్దాల్లా ఎవరిది వాళ్లదే.

గైడు ఉంటాడు కదా అంటారా? ఉంటాడు. మంచివాళ్లే ఉంటారు, నన్ను గట్టెక్కించింది ఒక గైడే. కానీ అతనికి నాలాంటివాళ్లు నలుగురు. నలుగురి ముళ్లూ అతనొక్కడే చూడాలి. బస్సులో చిల్లర మనమే లెక్కపెట్టుకుంటాం, కండక్టరు మీద అనుమానంతో కాదు కదా. జీతం పుస్తకం, బ్యాంకు పుస్తకం, కరెంటు బిల్లు 'ఆయన చూసుకుంటారు' అని వదిలేసిన ఆడవాళ్లం ఎందరమో ఉన్నాం. ఆ అలవాటే నీళ్లలోకి కూడా మోసుకెళ్లాను నేను. ఒడ్డున దాని ఖరీదు డబ్బు రూపంలో పడుతుంది. అక్కడ ఇంకోలా పడుతుంది.

పైగా ఒక తమాషా. గేజి చూడ్డం మొదలెట్టాక తెలిసింది, నా గాలి మావారి గాలి కంటే నెమ్మదిగా అవుతుందని. చిన్న ఒళ్లు, తొణకని ఊపిరి. ఆయనది 50కి వచ్చేటప్పటికి నాది 90 దగ్గరుంటుంది. ఇప్పుడు ఆయనకే సైగ చేసి పైకి తీసుకొస్తున్నాను.

సరే, ఏది కొనాలి? దుకాణంవాడు చూపించే అందమైన వాటితో మొదలెట్టకండి. నేను చూసింది ముందు అంకెల సైజు. నలభై దాటాక చత్వారం వస్తుంది, దగ్గర అక్షరాలు అలుక్కుపోతాయి. నీళ్లలో వస్తువులు కాస్త పెద్దవిగా కనిపించినా, చీకట్లో ఆ సన్నటి అంకెలు చదవలేం. లోతు, మిగిలిన నిమిషాలు, ఈ రెండూ చెయ్యి చాపి పట్టుకున్నా కనిపించాలి. దుకాణంలో లైటు కింద కాదు, గుమ్మం దగ్గర నీడలో పెట్టి చూడండి. నేనలా చూస్తే ఆ అబ్బాయి నవ్వాడు. చీర రంగు బయట వెలుగులో చూసుకునేవాళ్లం, ఇదొక లెక్కా?

తర్వాత పట్టీ. ఇవన్నీ లావు మణికట్లకే చేసినట్టుంటాయి. ఒడ్డున బిగించినది లోతుకి వెళ్లాక సూటు నలిగి వదులవుతుంది, తిరిగి అరచేతి వైపుకి జారుతుంది. సాగే తాడు పట్టీ వేసుకుంటే ఆ బాధ ఉండదు, విడిగా దొరుకుతుంది. మీటల సంగతి కూడా చూడండి. ఒకే మీటతో అన్నీ నడిచేవి కొన్ని, నాలుగు మీటలవి కొన్ని. క్రెస్సి లియోనార్డోకి ఒక్కటే మీట. మారెస్ పక్ ప్రో, సుంటో జూప్ నోవో లాంటివి కూడా కొత్తవాళ్ల కోసమని పేరుపడ్డవే. కొత్త రకాలు వస్తూనే ఉంటాయి, పేర్ల వెనక పడక్కర్లేదు. గాలి, నైట్రాక్స్ రెండూ లెక్కకట్టగలిగితే చాలు. నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి. ముందు ముందు నేర్చుకుంటే పనికొస్తుంది. ఈపాటి సదుపాయం చవక వాటిలోనూ ఉంది.

బ్యాటరీ మనమే మార్చుకోగలిగేది తీసుకోండి. గుండ్రటి బిళ్ల బ్యాటరీ. విజయనగరంలో గడియారాల షాపులో ఇచ్చి మార్పించుకోవచ్చు గానీ, వద్దు. మూత కింద సన్నటి రబ్బరు రింగుంటుంది. దాని మీద ఒక్క వెంట్రుకో ఇసుక రేణువో ఉంటే చాలు, నీళ్లు లోపలికి పోతాయి. ఆ రింగు తుడిచి, సిలికాన్ జిడ్డు సన్నగా రాసి, నేనే బిగించుకుంటాను. కుక్కరు గాస్కెట్ మార్చినంత పని. రంగు తెరలవి, చార్జింగు పెట్టేవి చాలా బావుంటాయి, రెట్టింపు ధరకి పైన. మొదటిదానికి అంత అవసరం లేదని నా ఉద్దేశం.

చేతికున్న స్మార్ట్ వాచీ సరిపోదా అని మా మేనకోడలు అడిగింది. '50 మీటర్లు' అని దాని వెనక రాసుంటుంది కదా అని దాని వాదన. ఆ 50 మీటర్లు ఈత కొలనులో దిగడానికిచ్చిన భరోసా, యాభై మీటర్ల లోతుకి తీసుకెళ్లమని కాదు. డైవింగ్ కోసమే చేసినవి వేరే ఉన్నాయి. 2022లో వచ్చిన ఆపిల్ వాచ్ అల్ట్రాలో కూడా డైవింగు యాప్ వేసుకోవచ్చు. కానీ ఫోను మోగే, మెసేజిలొచ్చే గడియారాన్ని ప్రాణాల లెక్కకి వాడాలంటే నాకెందుకో మనసొప్పలేదు. ఇది నా పాతకాలపు బుద్ధి కావచ్చు.

ఇక గేజి. బండకి చిన్న యంత్రం తగిలిస్తే గాలి లెక్క కూడా వైరు లేకుండా చేతి కంప్యూటరుకే వచ్చేస్తుంది. సౌకర్యమే, కాదనను. ఖరీదు దాదాపు ఇంకో కంప్యూటరంత. అదీకాక దానికీ బ్యాటరీ, దీనికీ బ్యాటరీ. ముల్లు గేజికి బ్యాటరీ లేదు. లోపల వంకీ తిరిగిన లోహపు గొట్టం ఉంటుంది. ఒత్తిడికి అది కొద్దిగా తిన్నగా సాగుతుంది, ఆ సాగుడే ముల్లుని తిప్పుతుంది. గాలి కొట్టే షాపులో మిషను మీద ఉండేదే. వందేళ్లకి పైబడ్డ పనితనం. మొండిది. కొత్తవాళ్లకి అదే మంచిది. ఇత్తడి ఒళ్లు, చీకట్లో మెరిసే ముఖం, 50 కింద ఎర్ర రంగు, అంతే చూసుకోండి. దాంతో పాటు లోతు ముల్లు, దిక్సూచి కలిపి ఒక రబ్బరు తొడుగులో అమ్ముతారు. బరువుగా వేలాడుతుంది, పగడాలకి తగులుతుంది. నేను ఒక్క గేజే తీసుకున్నాను.

ఒక జాగ్రత్త, ఇది అనుభవం మీద చెబుతున్నాను. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ "అక్కా, ఇక్కడ చవగ్గా ఉంది, తెస్తాను" అన్నాడు. కంప్యూటరైతే అడుగుల నుంచి మీటర్లకి మార్చుకోవచ్చు. గేజి మాత్రం వాళ్లది పీఎస్ఐల్లో ఉంటుంది. నిండు బండ మీద 3,000. మన గైడు బార్లలో సైగ చేస్తాడు. వాడు 50 అంటే నేను నీళ్లలో 700 అని తర్జుమా చేసుకోవాలా? గేజి ఇక్కడే కొన్నాను. వారంటీ చిక్కులు కూడా ఆలోచించుకోండి.

అద్దె గేజి అయినా సొంతదైనా దిగేముందు చేసే పని ఒకటుంది. బండకి తగిలించకముందు ముల్లు సరిగ్గా సున్నా మీద ఉందా అని చూడాలి. ఒకచోట నాకిచ్చిన అద్దె గేజి ముల్లు గాలే లేకుండా 20 మీద నిలబడి ఉంది. అంటే బండ ఖాళీ అయినా ఇంకా 20 ఉందని నమ్మబలుకుతుందన్నమాట! మార్చమంటే "ఏం కాదు మేడం, అందరూ వాడుతున్నదే" అన్నారు. మార్చేదాకా దిగలేదు. కుళాయి తిప్పేటప్పుడు గేజి అద్దాన్ని మొహానికి దూరంగా తిప్పి పట్టుకోవాలి. ఆ తర్వాత ముల్లు చూస్తూ నోటితో నాలుగు ఊపిర్లు పీల్చాలి. ప్రతి ఊపిరికీ ముల్లు తూలుతూంటే కుళాయి పూర్తిగా తెరుచుకోలేదని అర్థం.

డబ్బు మాటకొస్తే, నా కంప్యూటరు పాతిక వేల చిల్లర. "చిన్న ఉంగరమొచ్చేది కదే" అన్నారు అత్తగారు. నిజమే, వచ్చేది. అందరూ కొనాలనీ అనను. జీవితంలో ఒకసారి బోధకుడి చెయ్యి పట్టుకుని అరగంట నీళ్లలో తిరిగి ఫొటో తీయించుకుందామనుకునేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు. మీ లెక్కంతా బోధకుడే చూడాలి. కోర్సు చేసి, ఏడాదికి ఒక్కసారే దిగేవాళ్లు అద్దెకి తీసుకోండి, కానీ జంటకి ఒకటి కాదు, మనిషికొకటి అడగండి. పొద్దున్న పెట్టుకున్నదే సాయంత్రం దాకా ఉంచుకోండి. ఏడాదికి రెండు మూడుసార్లు దిగేవాళ్లు మాత్రం కెమెరా కంటే ముందు ఇది కొనుక్కోండి. పాతది చవగ్గా దొరికితే బ్యాటరీ మూత తీయించి చూడండి, లోపల చిలుము పట్టి ఉంటే తిరిగిచ్చేయండి.

కంప్యూటరుంటే చాలు అని కూడా అనుకోకండి. దానికి మీ ఒళ్లు తెలీదు. రాత్రి నిద్ర లేదనీ, ఎండలో నీళ్లు తాగలేదనీ, ఒళ్లు చేసిందనీ దానికెవరు చెబుతారు? అందుకే దాంట్లో ఇంకాస్త జాగ్రత్తగా లెక్కకట్టమని చెప్పే సదుపాయం ఉంటుంది. నేను ఒక మెట్టు జాగ్రత్తలోనే ఉంచుతాను. దాని మాట వినకుండా లేచొస్తే ఒకటి రెండు రోజులు అలిగి లెక్క చెప్పడం మానేసేవి కూడా ఉన్నాయి. ఆడపిల్లలు చాటుగా అడిగే ప్రశ్నకి జవాబు ఇక్కడే చెప్పేస్తాను. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే దిగకూడదని నియమమేం లేదు. కడుపుతో ఉన్నా, ఆ అనుమానమున్నా మాత్రం అస్సలు దిగకూడదు. లోపలి బిడ్డ లెక్క ఏ కంప్యూటరూ కట్టలేదు. ఇంకొకటి, వరసగా దిగాక 18 గంటలైనా గడవనిదే విమానం ఎక్కకూడదు. అండమాన్‌లో ఆఖరి రోజు పిన్ని పెట్టే చేపల పులుసుకే అట్టేపెట్టుకోవడానికి నాకిదో వంక.

మన సముద్రం సంగతి వేరు. అండమాన్‌లో అడుగు దాకా కనిపిస్తుంది, లోతు కంటికే తెలుస్తుంది. ఇక్కడ కళింగపట్నం దగ్గర వంశధార, మోఫస్ బందరు దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి, బారువ దగ్గర మహేంద్రతనయ, అన్నీ మట్టినీళ్లు తెచ్చి కలిపేవే. వానలైతే చాపిన చెయ్యి కనబడదు. పైకి పోతున్నామో కిందకి పోతున్నామో కూడా తెలీని ఆ పసరు చీకట్లో మెరిసే రెండంకెలే దారి. బారువ ఎదుట సముద్రంలో చిల్కా అనే పాత స్టీమరు మునిగి ఉంది. చిన్నప్పట్నుంచీ దాని కథలు వింటూ పెరిగాను. పెద్ద లోతేం కాదంటారు, ఏదో ఒక రోజు నీళ్లు తేటపడ్డప్పుడు దిగి చూడాలని నా కోరిక.

కొరియాలో జెజు దీవి ఆడవాళ్లు బండలూ గేజీలూ ఏమీ లేకుండా ఊపిరి బిగపట్టి దిగి గవ్వలూ నాచూ ఏరుకొస్తారు, అమ్మమ్మలైనా మానరు. 2016లో యునెస్కో వాళ్ల విద్యకి గుర్తింపునిచ్చింది. వాళ్లకి లెక్క ఒంట్లోనే ఉంది. మా తీరంలో మాత్రం వేటకి మగవాళ్లు, చేపల తట్టకి ఆడవాళ్లు. ఆ తట్ట లెక్కలో ఒక్క రూపాయి పొరపాటు రానివ్వరు.

మొన్న సంక్రాంతికి పుట్టింటికెళ్లినప్పుడు కంప్యూటరు చేతికే ఉంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలి మావయ్య చూశాడు. "ఏటమ్మా అది, గడియారవా?" అన్నాడు. లోతు చెబుతుందని చెప్పాను. తిప్పి తిప్పి చూసి, "ఎంత లోతెల్తావేటి?" అన్నాడు. "పది బారలు మావయ్యా, అంతే." ఆయన తలూపాడు, పది బారలు ఆయనకి లెక్కలోది కాదు. "మరి గాలి ఎప్పుడైపోతాదో ఎలాగ తెలుస్తాది?" అని అడిగాడు. సరైన ప్రశ్న, నేను మర్చిపోయిన ప్రశ్న. "దానికి వేరే ముల్లుంది. యాభై బార్లకి రాగానే పైకొచ్చేస్తాను" అన్నాను. ఆయన చేతిలో దారం ఆగిపోయింది. "యాబై బారలే! ఆడకూతురివి, అంత లోతెందుకమ్మా నీకు?"

బార్ వేరు, బార వేరు అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది.